రెండు గీతల తేడా

2024 అక్టోబర్ 7, సోమవారం

ఈ డైరీ నీళ్ల లెక్క రాయడానికి మనీషా కొనిచ్చింది. రోజుకు వాళ్ల నాన్న ఎన్ని నీళ్లు తాగాడు, పొద్దున షుగర్ ఎంత, బీపీ ఎంత. అంతే రాయాలి. కూతురు నర్సయితే ఇంట్లో వాళ్లకు కూడా డ్యూటీ పడుతుంది. ఇందులో ఏడాదిగా రాస్తున్నాను. ఒక్కో పేజీలో మూడు అంకెలు పోగా మిగతా జాగా ఖాళీ. ఈ రోజు నుంచి ఆ ఖాళీలో నా మాటలు రాసుకుంటాను. చెప్పుకునేవాళ్లు లేరు.

నీళ్లు 700. షుగర్ 188.

ఆయన ఇనుమును తిప్పి కోసే లేత్ మిషను తెస్తానంటున్నాడు.

చెల్పూర్‌లో ఆయన పంతొమ్మిదేళ్లు పనిచేసిన వర్క్‌షాపు మూతపడుతోందట. పవర్ ప్లాంట్ కాంట్రాక్టర్లకు షాఫ్టులు, బుష్‌లు చేసిచ్చే షాపు అది. ఓనర్ ముసలివాడయ్యాడు, నడిపే ఓపిక లేదు. మిషన్లన్నీ తుక్కుకు పోతున్నాయని, అక్కడ ఆయనతో పనిచేసిన రెడ్యా చెప్పాడు. ఆయన వెంటనే ఓనర్‌కు ఫోన్ చేశాడు. తాను నడిపిన మిషను తనకిమ్మని అడిగాడు. "తీస్కపో యోహానూ, అది నీదే గదా" అన్నాడట ఆ పెద్దమనిషి.

షుగర్‌తో ఆయన ఎడమ కన్ను పోయి మూడేళ్లు. కుడి కంటికి కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది గానీ అక్కడ నిలబడ్డది నేనో మనీషానో తెలియదు. కిడ్నీలు కూడా పోయాక వారానికి రెండుసార్లు మానుకోట దవాఖానలో డయాలసిస్. రోజుకు 700 మిల్లీలీటర్లకు మించి నీళ్లు తాగకూడదు. ఈ మనిషికి మిషనేంటి?

అదే అడిగాను. తొర్రూరు సుదర్శన్ వచ్చి నడుపుతాడన్నాడు. సుదర్శన్ ఆయన దగ్గర పని నేర్చుకున్న టర్నర్. అంతా మాట్లాడుకున్నారట. రోడ్డు వైపు షట్టర్ ఉన్న గదిలో పెడతారట.

అన్నం పెట్టాను.

అక్టోబర్ 10, గురువారం

నీళ్లు 650. షుగర్ 201.

రెడ్యా ఇద్దరు మనుషులను తీసుకొచ్చి గదిలో బండలు పగలగొట్టించాడు. రెడ్యాది పక్క తండా. చెల్పూర్‌లో ఆయనతో పదేళ్లు ఫిట్టర్‌గా చేశాడు. ఇప్పుడు నర్సింహులపేట చుట్టుపక్కల బోరు మోటార్లు దించే పని. ఆయనను అన్న అంటాడు, నన్ను వదిన అంటాడు. ఆయన ఏం చెప్పినా కాదనడు. నాకు అదే కోపం.

ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని గడ్డపార చప్పుడు వింటూ కూర్చున్నాడు. చప్పుడు మారగానే మట్టి తీసి చేతిలో పెట్టమన్నాడు. వేళ్లతో నలిపి చూశాడు. నల్లమట్టి అయితే ఎండాకాలం పగులుతుంది, మిషను ఒరుగుతుంది, ఇది గట్టి మొరం కాబట్టి పర్వాలేదు అన్నాడు.

ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కడ్డీని పట్టి తిప్పే చక్ ఉండే వైపు బరువెక్కువ కాబట్టి అటు ఇంకా లోతు.

సాయంత్రం ఎదురింటి ఎల్లక్క వచ్చి తొంగిచూసింది. గుంట చూసి, కుర్చీలో ఆయనను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏందే మంజులా గిది అని మెల్లగా అడిగింది. మిషను కోసం అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. వెళ్లిపోయాక నేను గుంట మీద ఒక పట్టా కప్పేశాను.

అక్టోబర్ 14, సోమవారం

కాంక్రీట్ పోశారు. సలాకలు అల్లి వేశారు. బోల్టులు దిగే ఆరు చోట్ల చెక్క డబ్బాలు నిలబెట్టారు. ఆయన చేత్తో తడిమి ఒక డబ్బా పక్కకు జరిగిందని చెప్పాడు. రెడ్యా టేపు పెట్టి చూస్తే నిజమే, వేలెడంత జరిగింది.

ఇరవై రోజులు దిమ్మె ఎండకూడదట. రోజూ నీళ్లు పట్టాలి.

నీళ్లు 700.

అక్టోబర్ 17, గురువారం

దిమ్మెకు పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు. ఆయనకు ఏడు వందలు.

నేను బిందె వంచుతుంటే ఆయన గడప దగ్గర కూర్చుని వింటాడు. మొఖం అటే పెట్టి కూర్చుంటాడు. ఈ రోజు గొంతు కదలడం చూశాను, మింగుతున్నట్టు. రేపటి నుంచి ఆయన నిద్ర లేవకముందే పోస్తాను.

అక్టోబర్ 18

పోసేటప్పటికే లేచి ఉన్నాడు.

అక్టోబర్ 25, శుక్రవారం

డయాలసిస్ నుంచి వచ్చాం. మూడు కిలోల నీరు తీశారు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి దారంతా నిద్రపోయాడు. ఆకు ఎంత బరువో అంత బరువు.

సాయంత్రం మనీషా ఫోన్ చేసింది. జనగామలో ప్రైవేటు దవాఖానలో చేస్తుంది. నాన్న గుండె రిపోర్టు అక్కడి డాక్టరుకు చూపించిందట. గుండె బాగా బలహీనపడ్డదట. ఎన్నాళ్లు అని అడిగాను. అట్ల చెప్పలేం మమ్మీ అన్నది. నర్సులు అట్లా అన్నారంటే అర్థం నాకు తెలుసు, నేను కన్న నర్సు కాబట్టి. నాన్నకు చెప్పకు అన్నది. తర్వాత మిషను గురించి కోప్పడ్డది. అది తెస్తే నాన్న ఇంకా అలసిపోతాడు, నువ్వన్నా ఆపొద్దా అన్నది.

ఆపాలనే ఉంది. కానీ ఈ పది రోజులుగా పొద్దున్నే దిమ్మె గట్టిపడ్డదా అని అడుగుతూ లేస్తున్నాడు. అంతకుముందు ఏమీ అడిగేవాడు కాదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

నీళ్లు 600. షుగర్ 176.

నవంబర్ 6, బుధవారం

పొద్దున ఐదింటికి డీసీఎం వ్యానులో చెల్పూర్‌కు బయలుదేరాం. డ్రైవర్, ఆయన, నేను ముందు. రెడ్యా, ఇద్దరు మనుషులు వెనక. పరకాల దాటాక పవర్ ప్లాంట్ పొగగొట్టం కనిపిస్తోందా అని అడగడం మొదలుపెట్టాడు. కనిపించాక పొగ ఎటు పోతున్నదని అడిగాడు. తూర్పుకు అన్నాను. సరే అన్నాడు.

షాపులో సగం మిషన్లు అప్పటికే పోయాయి. అవి ఉన్నచోట నేల మీద నూనె మరకలు. ఆయన కర్ర నాకిచ్చి, గోడ మీద చేయి వేసుకుని, ఒక్కడే లోపలికి నడిచాడు. అడ్డంగా పడి ఉన్న పైపు దగ్గర ఆగి దాన్ని దాటాడు. అది అక్కడ ఉంటుందని ఎలా తెలుసో. నేరుగా మిషను ముందుకు పోయి నిలబడ్డాడు. చేయి చాపితే చక్రం పిడి సరిగ్గా అరచేతిలోకి వచ్చింది.

ఓనర్ కుర్చీలోంచి లేచి బయటికి పోయాడు.

ఆయన నన్ను పిలిచి నా చేయి మిషను బెడ్ మీద, దాని ఇనుప వెన్ను మీద, పెట్టించాడు. పొడుగ్గా, నున్నగా, చల్లగా ఉంది. చక్ దగ్గర జర అరిగింది, తెలుస్తలేదా అన్నాడు. నాకేమీ తెలియలేదు. "తెలుస్తది, ఇంకోసారి పో" అన్నాడు. ఇంకోసారి చేయి పోనిచ్చాను. తెలిసిందని చెప్పాను, తెలియకుండానే.

పదిహేను క్వింటాళ్ల బరువట. దూలానికి చైన్ పుల్లీ కట్టి, బెడ్ కింద పట్టా వేసి రెడ్యా ఎత్తడం మొదలుపెట్టాడు. జానెడు లేచిందో లేదో ఆయన చేయెత్తాడు. ఆపు రెడ్యా అన్నాడు. గొంతు పెంచలేదు. గొలుసు చప్పుడు ఒక పక్కనే వస్తున్నదట. చక్ వైపు బరువు దిగుతోంది, బెడ్ మీద జరిగే క్యారేజీని జానెడు అవతలి చివరకు, తోక దిక్కు జరపమన్నాడు. దించి, జరిపి, మళ్లీ ఎత్తారు. మిషను నీళ్ల మీద పడవలా తిన్నగా లేచింది. మనుషుల్లో ఒకడు నా వైపు చూసి, ఈయనకు కండ్లు కనపడవా నిజంగా అని అడిగాడు.

వచ్చేటప్పుడు డీసీఎం గుంతలో పడ్డప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగాడు. చిన్నప్పుడు మనీషాను బండి వెనక కూర్చోబెట్టుకున్నప్పుడు ఇట్లాగే తిరిగేవాడు.

నీళ్లు 700. షుగర్ చూడలేదు.

నవంబర్ 7, గురువారం

ఇనుప పైపుల మీద దొర్లించి మిషనును లోపలికి తెచ్చారు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పట్టింది. దిమ్మె మీదికి ఎక్కించి, కాళ్ల కింద ఆరు చోట్ల, మర తిప్పితే ఎత్తు మారే ఇనుప చీలలు పెట్టారు. బోల్టులు గుంటల్లోకి వేలాడదీసి చుట్టూ కాంక్రీట్ పోశారు. పది రోజులు ఆ బోల్టులను ఎవరూ ముట్టొద్దన్నాడు.

సక్రి వచ్చింది, రెడ్యా భార్య. మిషనుకు పసుపు పెడదామని తెచ్చింది. మేం చర్చివాళ్లమని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆయన నవ్వి, పెట్టు చెల్లే, మిషనుకు అన్ని మతాలు ఒకటే అన్నాడు. ఆయన నవ్వి ఎన్ని నెలలైందో.

నవంబర్ 9, శనివారం

మందులకు తొర్రూరు పోయాను. బస్టాండ్ దగ్గర సుదర్శన్ కనిపించాడు. అన్నకెట్లున్నది అక్కా అని అడిగాడు. ఎప్పటి నుంచి వస్తావు అన్నాను. ఎక్కడికి అన్నాడు.

ఆయనతో మాట్లాడి ఏడాది అయిందట. మిషను సంగతే తెలియదు.

బస్సులో వస్తూ ఏమేం అనాలో అన్నీ అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఆయన షట్టర్ గదిలో మిషను పక్కన కూర్చుని గుడ్డతో తుడుస్తున్నాడు.

"సుదర్శన్‌కు ఎర్కనే లేదు" అన్నాను.

తుడవడం ఆపలేదు. "అవును. అడగలే."

"మరెవరు నడుపుతరు దీన్ని?"

"నువ్వు."

మొదట నవ్వొచ్చింది. తర్వాత వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నలభై నాలుగేళ్లదాన్ని. పదో తరగతి చదివాను. బడిలో చిన్నపిల్లలకు ముక్కు తుడిచే ఉద్యోగం చేశాను, నీకోసం అదీ మానేశాను. కుక్కర్ సీటీ వేస్తే ఉలిక్కిపడేదాన్ని. నన్ను అడిగినవా? ఒక్క మాట అడిగినవా? ఇరవై రోజులు బిందెలు మోసింది దేనికో నాకే తెలియకపాయె. ఇలా చాలా అన్నాను. ఎల్లక్క ఇంటి దాకా వినిపించి ఉంటుంది.

ఆయన అంతా విన్నాడు. తర్వాత చెప్పాడు. చెల్పూర్‌లో పదకొండు మందికి పని నేర్పాడట. అందరికీ చేయి తిరిగింది గానీ కొలత దగ్గర ఓపిక ఒక్కడికీ లేదట. "జర ఎక్కువైతే ఏమైతది అంటరు. నువ్వు రెండేండ్ల సంది నాకు నీళ్లు కొలిచి పోస్తున్నవు. నేను ఏడ్చినా, తిట్టినా, ఒక్క గుక్క ఎక్కువ పొయ్యలే. గట్ల కొలిచేటోళ్లు నాకు దొరకలే మంజులా."

నేను వంటగదిలోకి వచ్చి కూర్చున్నాను. అది పొగడ్తా, ఫిర్యాదా?

నీళ్లు 700.

నవంబర్ 13, బుధవారం

మిషను ఇంకా నడవడం లేదు కానీ రోజూ పాఠం. ఏ చక్రం తిప్పితే ఏది కదులుతుందో కళ్లు మూసుకుని చెప్పాలి. చీర కొంగు నడుముకు దోపుకోవాలి, గాజులు తీసేయాలి, జుట్టు ముడి వేయాలి. చక్ బిగించే తాళం చక్‌లోనే వదిలి స్విచ్ వేస్తే అది ఎగిరి ప్రాణం తీస్తుందని రోజూ పదిసార్లు చెబుతాడు. నేను ఇంకా కోపంగానే ఉన్నాను. చెప్పింది చేస్తున్నాను.

నవంబర్ 18, సోమవారం

ఈ రోజు లెవెల్ చేశాం. ఉన్నదున్నట్టు రాయాలి.

సోమవారాలు ఆయనకు కష్టం. శుక్రవారం డయాలసిస్ అయ్యాక మూడో రోజు. ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరి చప్పుడు వినిపిస్తుంది. బుధవారం చేద్దామన్నాను. పది రోజులు అయిపోయింది, ఇంక ఆగనన్నాడు.

చెక్కపెట్టెలోంచి రసమట్టం తీశాడు. మేస్త్రీలు వాడేదానికంటే చాలా సన్నపు గీతలు ఉన్నాయి. ఒక గీత అంటే మీటరు పొడవుకు పావు మిల్లీమీటరు ఎత్తుపల్లం. బుడగ ఎటు పోతే అటు ఎత్తు. నేను బుడగ చూసి చెప్పాలి. ఆయన ఏ మూల ఎంత తిప్పాలో చెబుతాడు. రెడ్యా స్పానర్ పట్టుకుంటాడు.

ముందు పొడుగ్గా చూశాం. తర్వాత చక్ దగ్గర అడ్డంగా. తర్వాత తోక దగ్గర అడ్డంగా. ఈ రెండుచోట్లా బుడగ ఒకే చోట నిలవాలట. లేకపోతే బెడ్ పిండిన బట్టలా మెలితిరిగి ఉన్నట్టు, చేసిన ప్రతి షాఫ్టూ ఒక పక్క లావు, ఒక పక్క సన్నం వస్తుంది. ఒక మూల సరిచేస్తే ఇంకో మూల చెడిపోయింది. సరిగ్గా వచ్చిందనుకుని బోల్టు బిగిస్తే బుడగ మళ్లీ పారిపోయింది. పదికి మొదలుపెడితే రెండు దాటింది.

కూర్చోమంటే కూర్చోలేదు. మిషను పట్టుకుని నిలబడ్డాడు. పాదాల మీద చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయాయి. పెదాలు నల్లబడ్డాయి. మాటకు మాటకు మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

చివరికి ఒక్క తోక దగ్గరే మిగిలింది. బుడగ రెండు గీతలు వెనక్కి ఉంది.

"నడుమకొచ్చిందా?" అని అడిగాడు.

రెడ్యా నా వైపు చూశాడు. అతనికీ కనిపిస్తోంది.

వచ్చింది అన్నాను.

ఆయన అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని నా చేయి వెతుక్కుని పట్టుకున్నాడు. చూసినవా, వచ్చింది గదా అన్నాడు. రెడ్యా తల దించుకుని స్పానర్లు సర్దుకున్నాడు. పోయేటప్పుడు నాకు చెప్పకుండా పోయాడు.

నీళ్లు 700. నా లెక్కలో ఎప్పుడూ తప్పు రాయలేదు. ఈ రోజు వేరే లెక్కలో తప్పు చెప్పాను.

నవంబర్ 20, బుధవారం

నిన్న డయాలసిస్ అయ్యాక కొంచెం తేలికపడ్డాడు. ఈ రోజు మిషను నడిపాం.

రెండంగుళాల ఇనుప కడ్డీ చక్‌లో బిగించాను. తాళం తీశావా అని అడిగాడు, తీసి చేతికిచ్చాను. స్విచ్ వేశాను. గది అంతా నిండిపోయే చప్పుడు. నేను వెనక్కి జరిగితే నా వీపు ఆయనకు తగిలింది. వెనక నిలబడి నా రెండు చేతుల మీద తన చేతులు వేశాడు. అలా కోసే టూల్‌ను కడ్డీకి ఆనించాం. నీలంగా, ఉంగరాలుగా ఇనుము రాలింది. కాలిన నూనె వాసన. ఇరవై నాలుగేళ్లుగా ఆయన చొక్కాలు ఉతుకుతూ పీల్చిన వాసన ఇదేనని అప్పుడు తెలిసింది.

ఆపాక, మందం కొలిచే కాలిపర్ అడిగాడు. గీతలేమీ లేనిది, రెండు వంకర కాళ్లది. చక్ వైపు కడ్డీకి తొడిగి చూశాడు. తర్వాత ఈ చివర. మళ్లీ ఆ చివర. ముఖం మారింది. ఇంకోసారి చూశాడు. వెంట్రుక మందం కూడా లేని తేడా ఆయన వేళ్లకు తగులుతోంది.

"ఎన్ని గీతలు?" అన్నాడు.

"రెండు."

"ఎటు?"

"వెనక్కి."

తిడతాడనుకున్నాను. కాలిపర్ తుడిచి పక్కన పెట్టాడు. "నాకు అబద్ధం చెప్పు మంజులా. నేను ఏమనుకోను. దీనికి చెప్పకు" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకు చెప్పానో చెప్పాను. నీ పెదాలు నల్లబడ్డయి, ఇంకో గంట నిలబడితే పడిపోతవని భయపడ్డ అన్నాను. దాంతో పాటు మనీషా చెప్పింది కూడా బయటపడ్డది. గుండె సంగతి. చెప్పొద్దనుకున్నదంతా చెప్పేశాను.

ఆయనకు తెలుసట. నా గుండె నాకు తెల్వదా అన్నాడు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నాడట, నేను లేవకుండా చప్పుడు కాకుండా. అందుకే సుదర్శన్ పేరు చెప్పాడట. ముందే నీకోసమని చెబితే, నేనెక్కడికి పోతున్నానని అడుగుతవు కదా అన్నాడు.

ఇద్దరం మిషనుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాం. శనివారం మళ్లీ లెవెల్ చేద్దామన్నాడు. ఈసారి కూర్చుని చెప్తా, నువ్వు నిజం చెప్పు అన్నాడు.

నవంబర్ 21, గురువారం

సాయంత్రం చెంబు నిండా నీళ్లు అడిగాడు. చల్లటివి. చాలా రోజులకు అడిగాడు. రేపు డయాలసిస్ ఉంది కదా, ఒక్కసారి అన్నాడు. అప్పటికే 700 అయ్యాయి. ఇవ్వలేదు. ఐస్ ముక్క చిన్నది నోట్లో పెట్టాను. నీ కొలత పాడుగాను అని నవ్వాడు.

నీళ్లు 700. షుగర్ 169.

నవంబర్ 26, మంగళవారం

శుక్రవారం మానుకోటలో, డయాలసిస్ మంచం మీద, పదకొండున్నరకు. ఆయన గుండె ఆగిపోయింది. డాక్టరు, నర్సులు అరగంట ప్రయత్నించారు. నేను టీ తాగడానికి కిందికి పోయి ఉన్నాను.

శనివారం చర్చి వెనక సమాధి చేశాం. తవ్వేవాళ్లతో రెడ్యా కూడా గుంటలోకి దిగాడు. ఒద్దన్నా వినలేదు. అడుగు సమంగా చేసేదాకా పైకి రాలేదు.

ఈ రోజు మంగళవారం. పొద్దున నాలుగున్నరకే లేచి ఆయన డయాలసిస్ ఫైలు సంచిలో సర్దాను.

డిసెంబర్ 8, ఆదివారం

మనీషా సెలవు పెట్టి ఇక్కడే ఉంది. జనగామ వచ్చి తనతో ఉండమంటోంది. మిషను అమ్మేద్దామంటోంది. తుక్కు కొనేవాడు ఒకడు వచ్చి చూసిపోయాడు. మిషను చూడలేదు, బరువు అడిగాడు.

ఊరంతా స్టార్లు కట్టారు. మా ఇంటికి కట్టలేదు. నిన్న క్రిస్మస్ పాటలవాళ్లు వచ్చారు, మా గేటు దగ్గర డప్పు ఆపి, ప్రార్థన చేసి, మెల్లగా పోయారు.

నేను పడుకోవడం లేదు. కళ్లు మూస్తే చెంబు అడుగుతాడు.

డిసెంబర్ 10, మంగళవారం

మనీషా నాన్న రీడింగులు చూస్తానని డైరీ అడిగింది. ఇందులో వేరే రాతలు ఉన్నాయని మరిచిపోయి ఇచ్చాను. గుర్తొచ్చేసరికి అది అన్నీ చదివేసింది. గడప దగ్గర, ఆయన కుర్చీలో కూర్చుని.

నన్ను చూసి లేవలేదు. "నేనైనా ఇయ్యకపోదును మమ్మీ" అన్నది.

ఏది అని నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

"ఇస్తే రాత్రికే ఊపిరాడకపోయేది. అప్పుడు నేనే ఇచ్చిన్నని ఏడ్చేదానివి" అన్నది. నర్సు గొంతుతో మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి పిల్ల గొంతైపోయింది. దాని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నా బాధ తగ్గలేదు. కానీ దాన్ని ఇప్పుడు ఇద్దరం మోస్తున్నాం.

డిసెంబర్ 14, శనివారం

లెవెల్ చేశాం. రెడ్యా, నేను, మనీషా. సుదర్శన్ కూడా తొర్రూరు నుంచి మైక్రోమీటర్ తీసుకుని వచ్చాడు. ఆయన సమాధి నాడు రాలేకపోయానని మొఖం ఎత్తలేదు.

మనీషా బుడగ చదివింది. నేను స్పానర్ పట్టాను. ముందు పొడుగ్గా, తర్వాత చక్ దగ్గర, తర్వాత తోక దగ్గర. ఒకటి సరిచేస్తే ఇంకొకటి. ఎవరూ తొందర పడలేదు. మధ్యలో సక్రి జొన్నరొట్టెలు తెస్తే అక్కడే తిన్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు ఒకే ఒక్క గీత మిగిలింది. ఇంకో గంటకు అర గీత అయింది. సుదర్శన్ ఇగ చాలు అక్కా, మనం చేసేది ట్రాక్టర్ పనే గదా అన్నాడు. రెడ్యా నా వైపు చూశాడు, ఆ రోజు చూసినట్టే.

ఇంకా తిప్పు అన్నాను.

నాలుగున్నరకు మనీషా నడుమకు వచ్చింది మమ్మీ అన్నది. నేను వంగి చూశాను. రసమట్టం అటు ఇటు మార్చి మళ్లీ చూశాను. వచ్చింది. రెడ్యా గోడ వైపు తిరిగి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు.

తుక్కువాడికి మనీషానే ఫోన్ చేసి రావొద్దని చెప్పింది.

డిసెంబర్ 23, సోమవారం

మనీషా డ్యూటీకి పోయింది. సుదర్శన్ గురువారాలు వచ్చి బోల్టులకు మరలు కోయడం చూపిస్తానన్నాడు.

తండా నుంచి బలరాం వచ్చాడు. ట్రాక్టర్ వెనక నాగలికి పిన్ను విరిగిందట. టర్నర్ లేడా అని లోపలికి తొంగిచూశాడు. ఉన్నా అన్నాను. అతను విరిగిన ముక్క నా చేతిలో పెట్టాడు. పొద్దుగూకేలోపు రమ్మన్నాను.

మొదటిది చెడగొట్టాను. ఒక్కసారే ఎక్కువ కోశాను, సన్నమైపోయింది. రెండోది మూడు గంటలు పట్టింది. కొంచెం కోయడం, ఆపడం, కొలవడం. బలరాం వచ్చి పిన్ను దూర్చి చూసి, గట్టిగనే ఉన్నది వదినా అన్నాడు. అంతే. అప్పుడే మధ్యాహ్నం నుంచి అన్నం తినలేదని గుర్తొచ్చింది.

వేలికి ఇనుప ముక్క గుచ్చుకుంది. ఆయన వేళ్ల నిండా అవే ఉండేవి. సూదితో నేనే తీసేదాన్ని. ఎడమ చేత్తో తీసుకోవడం రావడం లేదు.

2025 జనవరి 3, శుక్రవారం

మధ్యాహ్నం పని మధ్యలో కరెంటు పోయింది. మోటారు చప్పుడు ఆగినా చక్ తిరుగుతూనే ఉంది. పూర్తిగా ఆగేదాకా చూస్తూ నిలబడ్డాను. అంతసేపు తిరుగుతుందని అనుకోలేదు.